వావిలి దాచిన వాపు

త్రివేణికి పొద్దున్నే మెలకువ రావడమంటే భయంగా ఉండేది. లేచాక చాలాసేపటిదాకా వేళ్ళు ముడుచుకోవు. బ్రష్ మీద పేస్ట్ వేసుకోవాలంటే ట్యూబుని రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కాలి. జడ అల్లుకోవడం చేతకాక జుట్టు మెడదాకా కత్తిరించేసుకుంది. వేళ్ళ కణుపులు ఎర్రగా, వేడిగా, ఉడికించిన చామదుంపల్లా ఉబ్బి ఉండేవి. డాక్టరు దానికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని పేరు చెప్పి, వారానికోసారి వేసుకునే మాత్ర ఇచ్చింది. ఆ మాత్ర వేసుకున్న మర్నాడంతా కడుపులో తిప్పేది. నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉండేది.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆమె కాపురం. కార్లకి సీటు బెల్టులు తయారుచేసే కంపెనీలో టెస్ట్ ఇంజనీరు. రబ్బరు చర్మం తొడిగిన మనిషి బొమ్మల్ని కార్లో కూర్చోబెట్టి, ఆ కారుని గోడకి గుద్దించి, బెల్టు ఎక్కడ బిగుసుకుందో, ఒంట్లో ఏ భాగం మీద ఎంత బరువు పడిందో వీడియోలో నెమ్మదిగా నడిపించి చూడడం ఆమె పని. భర్త జితేందర్ ఇంకో ఆటో కంపెనీలో సాఫ్ట్‌వేర్ చూస్తాడు. కూతురు హంసిక ఆన్ ఆర్బర్‌లో చదువుకుంటూ, మందుల మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో పనిచేస్తోంది.

ఆకులు రాలే రోజుల్లో ఎవరింట్లోనో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ జరిగింది. మంచినీళ్ళ గ్లాసుని త్రివేణి రెండు చేతులతో పట్టుకోవడం చూసి ఛాయాదేవి గారు వచ్చి పక్కన కూర్చున్నారు.

ఆవిడకి అరవై దాటి ఉంటాయి. భర్త విశ్వనాథం గారు కొన్నేళ్ళ కిందట హైవే మీద కారు ప్రమాదంలో పోయారు. ఆయన కారు నడుపుతూ నిద్రపోయారని పోలీసులు తేల్చారు. పక్క సీట్లోనే ఉన్న ఛాయాదేవికి ఒంటి మీద ఒక్క గీత పడలేదు. అది దేవుడి మహిమేనని తెలుగువాళ్ళంతా చెప్పుకున్నారు. శవం ముందు కూడా ఆవిడ ముఖంలో ఏడ్చిన జాడే లేదని మాత్రం గొంతు తగ్గించి చెప్పుకున్నారు.

"ఏదమ్మా, చెయ్యి ఇలా చూపించు," అని ఛాయాదేవి త్రివేణి చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. ఆ చేతులు చల్లగా, నున్నగా ఉన్నాయి. ఆ వయసు మనిషి చేతుల మీద ఉండాల్సిన మచ్చ గానీ, గీరుకున్న గుర్తు గానీ ఎక్కడా లేదు. ఎడమ చూపుడువేలికి మాత్రం బ్యాండ్-ఎయిడ్ ఉంది.

"అబ్బ, ఎంత వేడిగా ఉన్నాయమ్మా! ఎన్నాళ్ళనించి?"

"రెండేళ్ళు దాటింది ఆంటీ. మందులు వాడుతున్నా. పెద్ద ఫరక్ ఏం లేదు."

"నాకూ మోకాళ్ళు ఇలాగే ఉండేవి. రేపు ఒకసారి మా ఇంటికి రా."

మర్నాడు త్రివేణి వెళ్ళేసరికి ఇల్లంతా ఘాటైన వాసన. ఇంటి వెనక అద్దాల గదిలో పెద్ద పెద్ద కుండీల్లో మనిషెత్తు చెట్లు వరసగా ఉన్నాయి. పైన ఊదారంగు లైట్లు. ఆకు చేతి వేళ్ళలా విడిపోయి, అడుగున బూడిద రంగులో మెరుస్తోంది.

"ఇది వాయిలాకు కదా ఆంటీ! మా నాయనమ్మ బాలింతలకి దీన్ని నీళ్ళల్ల మరగబెట్టి తానం చేపిచ్చేది."

"అవునమ్మా, మేం వావిలి అంటాం. ఫ్లోరిడా నర్సరీ నించి చిన్న మొక్క తెప్పించుకున్నాం. మా ఆయనే పెంచారు."

త్రివేణి చెట్ల మధ్యకి నడిచింది. ఎక్కడా సాలెగూడు లేదు. ఒక్క పురుగు లేదు. రాలిన ఆకులు నేల మీద దట్టంగా పరుచుకుని ఉన్నాయి, అన్నీ పచ్చగానే ఉన్నాయి. వంగి ఒకటి తీసి చూసింది. ఇప్పుడే తుంచినట్టుంది.

"ఇవి ఎప్పుడు రాలినయి ఆంటీ?"

"కొన్ని మొన్న రాలినవి. కొన్ని ఏళ్ళ కిందటివి," అంది ఛాయాదేవి మామూలుగా. "మన దేశంలో చెట్టుకి ఈ గుణం ఉండదు. అక్కడ పురుగు కుడుతుంది, మేక కొరుకుతుంది, ఎండకి మాడుతుంది. ఇది పుట్టి బుద్ధెరిగాక దీన్ని ఏ పురుగూ ముట్టుకోలేదు. దెబ్బంటే ఏమిటో దీనికి తెలియదు."

ఆకుని రోజంతా సన్నని సెగ మీద మరిగించి, వడకట్టి, మళ్ళీ చిక్కబడేదాకా కాచిన నల్లని సారాన్ని ఆవిడ ఒక చిన్న సీసాలో పోసి ఇచ్చింది. పొద్దున్నే ఒక చెంచా, గోరువెచ్చని నీళ్ళలో.

వారం తిరక్కుండానే త్రివేణి వేళ్ళు ముడుచుకున్నాయి. మొదట నమ్మబుద్ధి కాలేదు. వంటింట్లో నిలబడి పిడికిలి బిగించి, తెరిచి, మళ్ళీ బిగించి చూసుకుంది. తర్వాత ఊరగాయ సీసా మూత తానే తిప్పి తీసింది. ఆ మూత పట్టుకుని జితేందర్ దగ్గరికి వెళ్ళి చూపించింది.

"ఏంది, నువ్వే తీసినవా?" అన్నాడతను.

"నేనే తీసిన."

ఇద్దరూ కాసేపు ఆ మూతనే చూస్తూ నవ్వుకున్నారు. మళ్ళీ పరీక్ష చేయించినప్పుడు రక్తంలో వాపు జాడే లేదని చెప్పి డాక్టరు కూడా సంతోషపడింది. "ఇంత తక్కువ నంబర్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా నేను చూడలేదు," అంది.

హంసిక సెలవులకి వచ్చినప్పుడు సీసా మూత తీసి వాసన చూసి ముఖం చిట్లించింది. "అమ్మా, దీన్లో ఏముందో తెలీకుండా డైలీ తాగుతున్నావా? ఐ మీన్, వర్క్ అవుతోంది, ఓకే. బట్ ఎలా వర్క్ అవుతోంది?"

"మీ ల్యాబ్‌లో చూసుకో పో," అని త్రివేణి నవ్వి, కొంచెం సారం చిన్న డబ్బాలో పోసిచ్చింది.

చలికాలంలో ఒక ఆదివారం అవెన్ లోంచి ట్రే తీస్తుంటే త్రివేణి ముంజేయి లోపలి కడ్డీకి ఆనుకుంది. చర్మం చుయ్‌మంది. నొప్పి తెలిసింది, వెంటనే పోయింది. చన్నీళ్ళ కింద పెట్టి చూసుకుంది. ఎర్రబడలేదు. బొబ్బ లేవలేదు. కాలినచోట తెల్లగా, మైనం పూసినట్టు ఒక గీత మాత్రం ఉంది. అదృష్టం అనుకుంది. ఫ్లూ టీకా వేయించుకున్నా భుజం నొప్పి పుట్టలేదు. గరాజ్‌లో కారు తలుపు బొటనవేలి మీద పడితే గోరు నల్లబడలేదు. ఎండలు వచ్చాక పార్కులో వంటలు చేసుకుంటుంటే మెడ మీద కందిరీగ కుట్టింది. పక్కనున్న స్నేహితురాలు రేణు కంగారుపడి ఐసు తెచ్చేసరికి చూపించడానికి అక్కడేమీ లేదు. ముల్లు మాత్రం చర్మంలో నిటారుగా, రబ్బరులో గుచ్చిన గుండుసూదిలా నిలబడి ఉంది.

"అక్కా, నీకు నొప్పి లేదా?" అంది రేణు. ఆమె గొంతులో మెచ్చుకోలు లేదు. ఆ తర్వాత ఆ రోజంతా త్రివేణి పక్కన కూర్చోలేదు.

అన్నిటికన్నా ఆమెను భయపెట్టింది అరచేతిలో తెగిన గాయం. దోసకాయ తరుగుతుంటే కత్తి జారి లోతుగానే దిగింది. రక్తం రెండు బొట్లు వచ్చి ఆగిపోయింది. అంచులు ఎర్రబడలేదు, కలుసుకోలేదు, పొక్కు కట్టలేదు. రోజులు గడుస్తున్నా ఆ గాటు తెరుచుకున్న నోరులా అలాగే ఉంది. లోపల లేత గులాబీ రంగు, పొడిగా, శుభ్రంగా. కట్టు కట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది.

ఆ వారం టెస్టు అయిన బొమ్మని ఆమె దగ్గరికి తెచ్చారు. పగిలిన అద్దం గీసుకుని బొమ్మ చెంప మీద రబ్బరు చీలింది. త్రివేణి ఆ చీలికని చూసింది. తన అరచేతి కట్టు విప్పి చూసుకుంది. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. సగం పనిలో లేచి, కారు తీసి నేరుగా ఛాయాదేవి ఇంటికి వెళ్ళింది.

ఛాయాదేవి ఆ చేతిని చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. తన ఎడమ చూపుడువేలి బ్యాండ్-ఎయిడ్ మెల్లగా ఊడదీసింది. వేలి కొసన ఒక గాటు ఉంది. పొడిగా, శుభ్రంగా, తెరుచుకుని ఉంది.

"ఇది ఎప్పటిది ఆంటీ?"

"ఆయన ఉన్నప్పటిది. వంకాయలు తరుగుతుంటే తెగింది."

త్రివేణి ఆ గాటు పక్కన తన అరచెయ్యి పెట్టి చూసింది.

"మానదు, చీము పట్టదు," అంది ఛాయాదేవి మళ్ళీ బ్యాండ్-ఎయిడ్ అంటించుకుంటూ. "దెబ్బ తగిలిందన్న కబురు ఒంటికి చేరదు. చేరితే కదా ఎర్రబడేది, ఉబ్బేది, మానేది? అది ఎక్కడికీ పోదు త్రివేణీ. లోపలే ఉంటుంది. ఒకసారి డాలస్‌లో మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు సీసా మర్చిపోయాను. అప్పటికి మొదలుపెట్టి ఎన్నో నెలలు కాలేదు. రెండో రోజు మధ్యాహ్నం నించి మొదలైంది. అంతకు ముందు తగిలినవన్నీ, ఏవి ముందు తగిలాయో అవి ముందు, వరసగా పైకొచ్చాయి. దోమకాట్లతో సహా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు తాగేదానివా? నీ వేళ్ళు చూసి జాలేసింది." ఆవిడ చూపు తిప్పుకుంది. "తప్పే. నీ ఒంట్లో ఇంకా కొంచెమే కదా దాగి ఉన్నది. ఇప్పుడే మానెయ్."

"మీరెందుకు మానలేదు?"

ఛాయాదేవి చెట్ల వైపు చూస్తూ కూర్చుంది.

"ఆ రోజు కారులో నేనున్నాను కదమ్మా," అంది చివరికి. "కారు నుజ్జయిపోయింది. ఆయన సీట్లోనే పోయారు. నేను తలుపు తోసుకుని దిగి రోడ్డు పక్కన నిలబడ్డాను. అంబులెన్సు వాళ్ళు నా ఒళ్ళంతా తడిమి చూసి, మీరు నిజంగా ఈ కారులోనే ఉన్నారా అని అడిగారు. ఏడ్చాను త్రివేణీ. చాలా ఏడ్చాను. కళ్ళు ఎర్రబడలేదు, ముఖం ఉబ్బలేదు. ఈమెకి ఏడుపే రాలేదన్నారు జనం."

త్రివేణికి అప్పుడు అర్థమైంది. ఎదురుగా కూర్చున్న ఈ నున్నని చర్మం కింద ఒక కారు ప్రమాదం మొత్తం ఉంది. అది ఇంకా జరగలేదు.

మర్నాటి నుంచి త్రివేణి సారం మానేసింది. శనివారం మధ్యాహ్నం వంటింట్లో జితేందర్‌తో మాట్లాడుతుంటే ముంజేయి చురుక్కుమంది. ఇద్దరూ చూస్తుండగానే తెల్లని గీత ఎర్రబడింది, పొంగింది, నీటి బొబ్బ లేచింది. పొయ్యి వెలిగించి లేదు. అవెన్ చల్లగా ఉంది.

"ఇదేందే? దేనికి కాలింది?" అన్నాడు జితేందర్ లేచి నిలబడి.

"అవెన్ ట్రే," అంది త్రివేణి. "చలికాలంలది."

తర్వాత భుజం. తర్వాత బొటనవేలు దప్‌దప్‌మని కొట్టుకుంటూ గోరు కింద నలుపు పాకింది. మెడ మీద కందిరీగ కుట్టినచోట నిమ్మకాయంత వాపు లేచింది. ప్రతిదానికీ త్రివేణి ముందే పేరు చెబుతోంది, అది చెప్పినట్టే వస్తోంది. జితేందర్ ఐసు పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక ఆమె చుట్టూ తిరుగుతున్నాడు. అరచేతిలో గాటు తడిసి, రక్తం ధారగా కారి కట్టును నింపేసినప్పుడు అతని ముఖం పాలిపోయింది.

అప్పుడే హంసిక ఫోన్ చేసింది. "అమ్మా, లిజన్. అది ఆపొద్దు. లైక్, ఒకేసారి ఆపొద్దు! సెల్స్‌కి మంట పుట్టించే ఇరిటెంట్ ఇచ్చి, నీ మందు వేస్తే అవి కామ్‌గా ఉన్నాయి. మా ప్రొఫెసర్ సూపర్ ఎక్సైట్ అయ్యాడు. నిన్న మందు వాష్ చేసేశాను. ఇరిటెంట్ కూడా లేదు అక్కడ, అంతా క్లీన్. ఈరోజు చూస్తే సెల్స్ అన్నీ ఒకేసారి అలారం ఇస్తున్నాయి. ఎప్పుడో ఇచ్చిన ఇరిటెంట్‌కి. సెల్స్‌కి అలా గుర్తుండదమ్మా. అమ్మా? వింటున్నావా?"

"ఇంటున్న," అంది త్రివేణి పళ్ళ బిగువున. "ఆపేసిన బిడ్డా."

మానేసిన రోజు దాకా సాగిన నొప్పి కాబట్టి ఆఖరున కీళ్ళు వచ్చాయి. నెలల తరబడి ఆగినదంతా ఒక్కసారి వేళ్ళలోకి, మణికట్లలోకి, మోకాళ్ళలోకి దిగింది. జ్వరం వచ్చింది. హంసిక ఇంటికొచ్చి పక్కనే కూర్చుంది. డాక్టరు స్టెరాయిడ్లు ఇచ్చి, కొత్త ఇంజెక్షన్ మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి జ్వరం దిగింది, నొప్పులు భరించగలిగేంతకి వచ్చాయి. అరచేతిలో గాటు అంచులు దగ్గరపడి పైన ముదురు రంగు పొక్కు కట్టింది.

చూడ్డానికి వస్తూ ఛాయాదేవి చారు కాచి తెచ్చింది. మంచం పక్కన కూర్చుని త్రివేణి అరచేతిని తిప్పి, ఆ పొక్కుని వేలి కొసతో చాలా మెల్లగా తాకింది.

"దురద పెడుతోందా?"

"చాలా."

"మానుతోందన్న మాట." ఆవిడ చెయ్యి అక్కడే ఉండిపోయింది. "నాకు చాలనిపిస్తోంది త్రివేణీ. సగానికి సగం తగ్గించి కూడా చూశాను. కొంచెం కొంచెంగా ఏదీ రాదు. పూర్తిగా మానితేనే వస్తుంది. ఒక్కదాన్ని ఇంట్లో ఉండి మానాలంటే భయం. నువ్వు తోడుంటావా?"

"ఆంటీ, వద్దు. అది మామూలు దెబ్బ కాదు. లోపల ఏమేం నలిగినయో ఎవరికి తెలుసు?"

"నీకు తెలియదా? నీ పనే అది కదా."

త్రివేణికి తెలుసు. అలాంటి ప్రమాదంలో పక్క సీటు మనిషికి ఏమవుతుందో ఆమె కొన్ని వందల సార్లు చూసింది. అదే చెప్పింది. బెల్టు ఎముకలు విరుస్తుంది, లోపల రక్తస్రావం కావచ్చు, బతకకపోవచ్చు అని దాచకుండా చెప్పింది. ఛాయాదేవి అంతా విని తలూపింది.

"సారం ఉన్నన్నాళ్ళూ నేను ఆ కారులోంచి దిగలేదమ్మా," అంది.

వద్దన్నా ఆవిడ ఒంటరిగానైనా చేస్తుందని తెలిశాక త్రివేణి ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది.

సారం మానిన రెండో రోజు పొద్దున్నే ఇద్దరూ త్రివేణి కారులో ఆసుపత్రికి వెళ్ళి, ఎమర్జెన్సీ తలుపుకి ఎదురుగా పార్కింగ్‌లో ఆగారు. మబ్బు లేని రోజు. జనం వస్తున్నారు, పోతున్నారు. ఒకాయన కుక్కను నడిపించుకుంటూ వెళ్ళాడు. త్రివేణి ఇంజన్ ఆపేసింది. బెల్టులు రెండూ తీసేసి ఉన్నాయి. ఛాయాదేవి వెడల్పు మెడ ఉన్న చొక్కా వేసుకుంది, దెబ్బలు కనిపించాలని త్రివేణే చెప్పింది.

"ఆ రోజు ఎక్కడికి పోతున్నరు మీరు?"

"కొలంబస్‌లో పెళ్ళికి. తెల్లారకుండా బయల్దేరాం. నేను నిద్రపోయాను. కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయింది. ఆయన కూడా నిద్రపోయారనే అన్నారు. బ్రేకు వేసిన జాడ లేదట." ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నేను మేలుకుని కబుర్లు చెబుతుంటే ఆయన నిద్రపోయేవారు కాదు కదా."

మధ్యాహ్నం దాటింది. వేలి గాటుకి రక్తం వచ్చింది మొదట. ఛాయాదేవి ఆ రక్తాన్ని చూసి చిన్నగా నవ్వింది. తర్వాత ఏళ్ళనాటి చిన్నాచితకా దెబ్బలు, ముంజేతుల మీద, కాళ్ళ మీద ఎర్రగా వచ్చాయి. ఆవిడ కూర్చున్నచోటే కదిలింది.

"ఎడమ చెయ్యి నొప్పిగా ఉంది," అంది.

"ఎక్కడ?"

"జబ్బ దగ్గర. ఎవరో నొక్కినట్టు..."

మాట పూర్తి కాలేదు. ఆవిడ ఒళ్ళు ముందుకి విసిరేసినట్టు ఒరిగి, గాలిలో ఏదో పట్టి ఆపినట్టు ఆగింది. కారు అంగుళం కూడా కదల్లేదు. అద్దానికి వేలాడుతున్న చిన్న పటం ఊగలేదు. కానీ చొక్కా మెడ దగ్గర, కుడి భుజం మీద నుంచి ఒక గీత ఎర్రగా పుట్టి, నల్లబడుతూ, వెడల్పవుతూ, రొమ్ముల మధ్య నుంచి ఎడమ నడుము వైపు దిగుతోంది. ఏదో విరిగిన చప్పుడు, పచ్చి కర్ర విరిగినట్టు, త్రివేణికి స్పష్టంగా వినిపించింది. ఒంటి మీది ఆ గీత బెల్టు అచ్చు. ఏ వీడియోలో చూసినా గుర్తుపట్టేది.

త్రివేణి హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. లోపల్నుంచి మనుషులు స్ట్రెచర్‌తో పరిగెత్తుకొచ్చారు.

"యాక్సిడెంట్ ఎక్కడ జరిగింది?" అని నర్సు అడిగింది.

"కారులో," అంది త్రివేణి.

నర్సు కారు వైపు చూసింది. సొట్ట లేదు, అద్దం పగల్లేదు. తర్వాత ఒక పోలీసు వచ్చి కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, బంపర్ మీద చెయ్యి వేసి చూసి, ఏమీ రాసుకోకుండానే వెళ్ళిపోయాడు.

పక్కటెముకలు విరిగాయి. లోపల రక్తం కారుతోందని ఆపరేషన్ చేశారు. సాయంత్రం దాకా ఏ సంగతీ చెప్పలేకపోయారు. జితేందర్ ఆఫీసు నుంచి నేరుగా వచ్చి త్రివేణి పక్కన కూర్చున్నాడు. ఆమె వేళ్ళు నొప్పి పెడుతున్నాయని తెలిసి, చెయ్యి పట్టుకోకుండా మణికట్టు మీద తన చెయ్యి ఆనించాడు. చివరికి సర్జన్ వచ్చి ఆవిడ బతుకుతుందన్నాడు.

ఆవిడకి బట్టలు తేవడానికి త్రివేణి మర్నాడు ఆ ఇంటికి వెళ్ళింది. తలుపు తీయగానే వాసన మారిపోయి ఉంది. తడిసిన గడ్డి కుళ్ళిన వాసన. అద్దాల గదిలో నేల మీది ఆకులన్నీ మట్టి రంగుకి తిరిగి చేత్తో పట్టుకుంటే పొడి అవుతున్నాయి. చెట్ల కొమ్మల మీద, ఏళ్ళుగా ఆకు తుంచిన ప్రతిచోటా జిగురు కారి నల్లగా గడ్డకట్టింది. ఎక్కడి నుంచి వచ్చాయో, తెల్లపురుగులు మొదళ్ళకి దట్టంగా పట్టి ఉన్నాయి. ఈ చెట్లకి మందు మానిపించినవాళ్ళెవరూ లేరు. మరి వీటికెలా తెలిసిందో త్రివేణికి అంతు చిక్కలేదు. బట్టలు గబగబా సంచీలో కుక్కుకుని బయటపడింది. ల్యాబ్‌లో మిగిలిన సారం కూడా అదే రోజు నుంచి ఉట్టి నీళ్ళలా పనిచేయకుండా పోయిందని తర్వాత హంసిక చెప్పింది.

ఆసుపత్రిలో ఛాయాదేవి ముఖం గుర్తుపట్టలేనట్టు ఉంది. కళ్ళు రెండూ ఎర్రగా వాచిపోయి సన్నని గీతల్లా ఉన్నాయి. అది దెబ్బల వాపు కాదు. త్రివేణిని చూడగానే ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది. పక్కటెముకల నొప్పికి మధ్య మధ్య ఊపిరి ఆగిపోతున్నా ఆపలేదు. త్రివేణి పక్కనే కూర్చుంది.

గౌను మార్చడానికి సాయం పడుతున్నప్పుడు ఎడమ జబ్బ మీద త్రివేణికి అది కనిపించింది. ముందువైపు ఒక గుండ్రని కమిలిన మచ్చ. వెనక వైపు వరసగా నాలుగు పొడుగు మచ్చలు.

"ఇక్కడ నిన్న నర్సులు పట్టుకున్నారేమో," అంది ఛాయాదేవి.

"కాదు ఆంటీ." త్రివేణి తన చేతిని ఆ మచ్చల మీద, తగలకుండా, పరిచి చూసింది. ఆమె వేళ్ళకన్నా ఆ వేళ్ళు పెద్దవి. ఎడమ పక్క నుంచి చాచిన కుడి చెయ్యి. "కారులో మీరు మొదట చెప్పింది దీని గురించే. బెల్టు కన్న ముందే వచ్చింది ఇది. అన్నీ తగిలిన వరసలనే కదా వస్తయి?"

ఛాయాదేవి ఆమె ముఖంలోకి చూసింది.

"అంకుల్ నిద్రపోలేదు ఆంటీ," అంది త్రివేణి. "గుద్దుకునేకంటే ముందు మిమ్మల్ని పట్టుకున్నడు."

ఛాయాదేవి కుడి చేతిని కష్టం మీద ఎత్తి, ఆ మచ్చల మీద ఒక్కొక్క వేలూ ఆనించి, కళ్ళు మూసుకుంది. ఎంతసేపు అలా ఉందో! నర్సు వచ్చి నొప్పి తగ్గడానికి ఇంకొంచెం మందు ఎక్కించమంటారా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

ఆవిడ కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. ముందు పునరావాస కేంద్రంలో, తర్వాత త్రివేణి ఇంట్లో కింది గదిలో ఉంది. త్రివేణి పొద్దున్నే బిగుసుకున్న వేళ్ళతో కాఫీ కలిపి తీసుకెళ్ళేసరికి ఛాయాదేవి వాకర్ పట్టుకుని అద్దం ముందు నిలబడి చొక్కా చెయ్యి పైకి మడిచి చూసుకుంటూ ఉండేది. మచ్చలు నలుపు నుంచి ఊదాకి, ఊదా నుంచి ఆకుపచ్చకి, తర్వాత పసుపుకి తిరిగాయి. రోజురోజుకీ వేళ్ళ అంచులు కలిసిపోతూ వచ్చాయి.

ఒక రోజు ఆవిడ అద్దం దగ్గర లేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. చొక్కా చేతులు మణికట్టు దాకా దించి ఉన్నాయి.

"పోయినట్టుందమ్మా," అంది.

త్రివేణి కప్పు అందించింది. ఇద్దరూ రెండేసి చేతులతో కప్పులు పట్టుకుని కాఫీ తాగారు.